రెండు కిలోల నత్తలు, ఒక ఏడాది కార్డు

నిన్ఫా ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. బల్లారో సంతకు వెళ్లి, పలెర్మో ఊరిని కాచే రోసాలియమ్మ తల్లి పండుగకు రెండు కిలోల నత్తలు కొనడం, ఎండ ముదరకముందే తిన్నగా ఇంటికి వచ్చేయడం. దారిలో ఎక్కడా ఆగకూడదు. ముఖ్యంగా చిత్రశాల దగ్గర ఆగకూడదు. ఆ మాట కొడుకు కలోజెరో కాఫీ తాగుతూ మరీ మరీ చెప్పాడు.

"ఇవాళ్టితో నా మూడు నెలల గడువు అయిపోతుంది. పదకొండింటికి డైరెక్టరమ్మ వచ్చి, నా పని చూసి సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. లేదంటే మళ్లీ మామయ్య చేపల బండే. ఈ ఒక్కరోజు రాకమ్మా, నీకు దండం పెడతాను."

"నేనెందుకొస్తాన్రా? నాకు వేరే పనుల్లేవా?"

"మొన్న మూడుసార్లొచ్చావు."

"మొన్న నువ్వు తుమ్మావు!"

అసలు తప్పు కలోజెరోదే. తల్లి ఇంట్లో కూర్చుని అయినదానికీ కానిదానికీ బెంగపడకుండా నాలుగు చోట్లకూ వెళ్లి వస్తుందని, నవంబరులో ఆమె పేరుగల పునీతురాలి పండుగకు ఏడాది కార్డు కొనిచ్చాడు. పలెర్మోలోని మ్యూజియాలు, చిత్రశాలలు, తోటలు అన్నిటికీ అదొక్కటే చాలు. నిన్ఫా మొదట్లో బాగానే తిరిగింది. ఏ మ్యూజియంలో చల్లగా ఉంటుందో, ఏ తోటలో ఏ బెంచీకి సముద్రపు గాలి తగులుతుందో, ఎక్కడి మరుగుదొడ్డిలో మంచి సబ్బు పెడతారో అన్నీ ఆమెకు కంఠతా వచ్చాయి. కలువల కొలను దగ్గర కూర్చుంటే గంటసేపు ఏ భయమూ గుర్తొచ్చేది కాదు. ఏప్రిల్లో కొడుక్కి చిత్రశాలలో కాపలా ఉద్యోగం దొరికింది. ఇక ఆమె మిగతావాటి మొహం చూడలేదు. రోజూ చిత్రశాలకే వెళ్లి, ఏదో ఒక పాలరాతి విగ్రహం చాటున నిలబడి, వాడికి కళ్లేమైనా తిరుగుతున్నాయేమోనని చూస్తూ ఉండేది.

సంతలో బేరం సజావుగానే సాగింది. నత్తలవాడు తవుడు చల్లిన బుట్టలోంచి గోరంత తెల్లనత్తలను దోసిళ్లతో ఎత్తి, రెండు కిలోలు తూచి, సంచీ మూతి బిగించి కట్టాడు. నిన్ఫా డబ్బులిచ్చి రెండడుగులు వేసిందో లేదో, ఒక అంబులెన్సు కూతపెడుతూ వీధి మలుపు తిరిగింది. అది పోయింది చిత్రశాల వైపు.

"అయిపోయింది. పడిపోయాడు," అంది నిన్ఫా.

"ఎవరమ్మా?" అన్నాడు నత్తలవాడు.

జవాబు చెప్పడానికి ఆమె అక్కడ లేదు.

చిత్రశాల గుమ్మంలో టిక్కెట్లు చూసే నూన్సియో ఆమెను చూసి నవ్వాడు. "రా అక్కా. ఇవాళ రావనుకున్నానే!"

"నా బిడ్డ ఎక్కడ?"

"ఆరో గదిలో. పొద్దుట్నుంచీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. బిగుసుకుపోయాడు పాపం."

డైరెక్టరమ్మ వస్తుందన్న భయంతో నిటారుగా నిలబడ్డాడని అతని భావం. నిన్ఫాకు అది చచ్చి బిగుసుకుపోయినట్టు వినబడింది. కార్డు చూపించి పరుగెత్తబోయింది.

"ఆ సంచీ ఆ అలమారాలో పెట్టక్కా!"

"అలమారాలో గాలాడదు!" అని ఆమె అప్పటికే మెట్లెక్కేసింది.

ఆరో గదిలో కలోజెరో గుండ్రాయిలా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా, డైరెక్టరమ్మ వచ్చే దారి వైపే చూస్తూ గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. నిన్ఫా "రోసాలియమ్మ తల్లీ!" అనుకుని, వాడికి కనబడకుండా విగ్రహం వెనకనున్న బెంచీ మీద కూలబడింది. అప్పుడు గుర్తొచ్చాయి నత్తలు. ముడి మరీ బిగించాడేమో, ఊపిరాడక చస్తాయేమో, చచ్చినవి తింటే ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలవుతారేమో. ఆమె ముడి వదులుచేసి, సంచీని బెంచీ కిందికి తోసింది. బయటి ఎండకు ఈ చల్లదనం హాయిగా తగిలింది. కన్ను మూతపడింది.

ముప్పావు గంట తర్వాత మెలకువ వచ్చి చూస్తే సంచీ సగానికి సగం చిక్కిపోయింది.

నేల మీద వెండి తీగలు పరిచినట్టు చారలు. అవన్నీ ఎవరో పిలిచినట్టు ఒకే గోడ వైపు పోతున్నాయి. ఆ గోడకు ఒక బిషప్పు గారి నిలువెత్తు చిత్రం ఉంది. దాని చట్రం చుట్టూ నత్తలు ముత్యాల హారంలా అమరి ఉన్నాయి. ఒకటి మాత్రం దారి తప్పి బిషప్పు గారి బూటు మీద విశ్రాంతి తీసుకుంటోంది.

గోడమీది గడియారం పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నిన్ఫా చప్పుడు చేయకుండా వెళ్లి, ఒక్కొక్కటే ఏరి ఒళ్లో వేసుకోసాగింది. పదిహేను ఏరింది. పదహారోది చట్రం వెనక్కి నక్కింది. ఆమె వేలు పెట్టి లాగేసరికి చిత్రశాల మొత్తం గొల్లుమంది. దొంగలు పడితే మోగే గంట అది.

"దొంగ! దొంగ!" అని అరిచాడు పక్కగదిలోని రిటైరయిన మాస్టారొకాయన. "బిషప్పును ఎత్తుకుపోతోంది!"

కలోజెరో ఒక్క అంగలో వచ్చి పడ్డాడు. "అమ్మా!"

సరిగ్గా అప్పుడే రెండో గుమ్మంలోంచి డైరెక్టరమ్మ వచ్చింది. కళ్లద్దాలు సవరించుకుని నత్తలను చూసింది, నిన్ఫాను చూసింది, కలోజెరోను చూసింది. "ఈవిడ ఎవరు?"

వాడు నోరు తెరవకముందే నిన్ఫా అందుకుంది. "నాకు ఈ అబ్బాయెవరో తెలీదండీ. జన్మలో చూడలేదు. నాకసలు పిల్లలే లేరు!" అనేసి, ఆ మాట బిడ్డకు తగలకుండా, ఇనుము ముట్టుకుంటే దోషం పోతుందని చప్పున బెంచీ ఇనుపకాలు ముట్టుకుంది.

"మరి అమ్మా అన్నాడే?"

"పెద్దవాళ్లంటే అంత గౌరవమండీ. ఇలాంటి కుర్రాడు ఎక్కడ దొరుకుతాడు? ఖాయం చేసేయండి."

"అమ్మా, ఇక ఊరుకో," అన్నాడు కలోజెరో. "మా అమ్మేనండీ. నత్తలూ మావే. నా ఉద్యోగం తర్వాత చూద్దురుగాని, ముందు చిత్రం దింపనివ్వండి. వెనక ఎన్ని దూరాయో."

డైరెక్టరమ్మ కానివ్వమన్నట్టు చెయ్యి ఊపింది. నిన్ఫా కళ్లముందు మామయ్య చేపల బండి, దాని వెనక చలికి వణుకుతూ కొడుకు, ఆపైన వాడి న్యుమోనియా వరసగా కదిలాయి. గంట నోరు ఎవరో నొక్కేశారు. నూన్సియో, కలోజెరో చెరోవైపు పట్టి బిషప్పు గారిని నెమ్మదిగా కిందికి దించారు.

చిత్రం వెనక గోడ బల్లంత మేర ఉబ్బి, పచ్చగా పాచిపట్టి, నీళ్లు కారుతోంది. నత్తలన్నీ అక్కడే పండుగ చేసుకుంటున్నాయి. ఎండాకాలం నత్తకు తడి ఎక్కడుందో ఎవరూ చెప్పక్కరలేదు. డైరెక్టరమ్మ చిత్రం వీపు తడిమింది. చట్రం కింది అంచు మాత్రం కాస్త చెమ్మగిల్లింది. బొమ్మ గీసిన గుడ్డ ఇంకా పొడిగానే ఉంది.

గొట్టాలు చూసే మనిషి వచ్చి తలెత్తి చూశాడు. "పైనేగా కొత్త మరుగుదొడ్డి కట్టారు? గొట్టం పగిలింది. ఇంకో వారం ఆగుంటే బిషప్పు గారు ఈతకొట్టేవారు."

"మూడు నెలల్లో ముగ్గురు నిపుణులు ఈ గది చూసివెళ్లారు," అంది డైరెక్టరమ్మ. "ఒక్కరూ కనిపెట్టలేదు."

"వాళ్లు నత్తలు కారు కదండీ," అన్నాడు నూన్సియో.

ఆమె అక్కడే బెంచీ మీద కూర్చుని కాగితం తీసింది. "కాపలా ఉద్యోగి సకాలంలో చిత్రాన్ని దింపించి, నష్టం జరగకుండా చూశాడు" అని రాసి, కింద సంతకం పెట్టి, కలోజెరో చేతికిచ్చింది. "నత్తల సంగతి రాయలేదు. పైవాళ్లకు అర్థమయ్యేలా రాయడం నాకు చేతకాదు." తర్వాత నిన్ఫా వైపు తిరిగింది. నిన్ఫా కార్డును రెండు చేతులా గుండెకు హత్తుకుంది. "ఉంచుకోండమ్మా. కాకపోతే నగరంలో ఇంకా చాలా మ్యూజియాలున్నాయి. అవి కూడా చూడండి."

మెట్లు దిగుతుంటే నిన్ఫాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మూడు నెలల తర్వాత మొదటిసారి కడుపునిండా గాలి పీల్చుకుంది. కలోజెరో సంచీ పట్టుకుని వెనకే వచ్చాడు. గోడమీదివీ నేలమీదివీ అన్నీ ఏరుకునేసరికి లెక్కకు దాదాపు రెండు కిలోలూ తేలాయి.

"నీకసలు పిల్లలే లేరా?" అన్నాడు.

"నోర్ముయ్యి. తలెందుకు అంత వేడిగా ఉంది నీకు?"

పండుగనాడు ఆ ఇంట్లో వంకాయలే వండుకున్నారు. ఉద్యోగం ఇప్పించినవాళ్లను వెల్లుల్లి వేసి వేయించడానికి నిన్ఫాకు చేతులు రాలేదు. మర్నాడు పొద్దున్నే ఆమె కార్డు చూపించి బొటానికల్ తోటలోకి వెళ్లి, దూరదేశాల నుంచి తెప్పించిన లేతమొక్కల మడి ఒకటి చూసి, మంచి నీడ, తినడానికి బోలెడు లేతాకులు ఉన్నాయని నత్తలన్నిటినీ అందులో వదిలిపెట్టి, నిశ్చింతగా ఇంటికి వచ్చేసింది.

తోటవాళ్లకు ఈ సంగతి ఇంకా తెలియదు.