పంక్తి చివర ఒక ఖాళీ

ఆ ఉదయం ఒడ్నీ యెల్లె అనుకున్నవి రెండే పనులు: కొండమీది పంపుకు నూనె వేయడం, ఊళ్లో అందరి ఫోన్లకూ ఒక సందేశం పంపించడం. నార్వేలోని ఆ ఊరి నీటి సంఘానికి ఆవిడ అధ్యక్షురాలు. కొత్త పంపు తెప్పించాలంటే వార్షిక సమావేశానికి కనీసం ఎనభై మంది రావాలి. మూడేళ్లుగా పదమూడు మందికి మించి వచ్చిన పాపాన పోలేదు. మంచులో ఆ కొండెక్కి ముసలి పంపును బుజ్జగించడం అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లకు ఇంకో శీతాకాలం సాధ్యమయ్యే పని కాదు.

సందేశాలు పంపే జావా ప్రోగ్రాము పక్కింటి బ్యార్తె ఊరికే రాసిపెట్టినది. కొత్త కంప్యూటర్లో దాన్ని మళ్లీ నిలబెట్టాలి. ముక్కలన్నీ కూర్చిపెట్టే బిల్డ్ టూల్ పొద్దున్నుంచీ మొరాయిస్తోంది.

"ఏమంటోంది?" ఒడ్నీ అడిగింది.

"ఈ జావా నాకొద్దు, ఇంకో జావా తెచ్చిపెట్టు అంటోంది."

"దీనికన్నా నా పంపే నయం, నోరెత్తకుండా మొరాయిస్తుంది. నేను కొండకి పోతున్నా, అక్కడ సిగ్నల్ రాదు. నువ్వే పంపించెయ్ బాబూ, పుణ్యముంటుంది."

పదకొండింటికి బిల్డ్ టూల్ కరుణించింది. సందేశాన్ని ప్రోగ్రాము సెట్టింగుల ఫైల్లోంచి చదువుకుంటుంది. ఒడ్నీ తన పేరుతో మొదలుపెట్టి రాసినది చాంతాడంత ఉంది. చూడ్డానికి బాగాలేదని బ్యార్తె దాన్ని రెండు పంక్తులు చేశాడు. అలా విరిచినప్పుడు మొదటి పంక్తి చివర ఒక వాలుగీత పెట్టాలి, దాని తరువాత ఇంకేమీ ఉండకూడదు. వేలు తగిలి ఒక ఖాళీ పడింది. ఖాళీ మనిషి కంటికి కనబడదు కదా! జావాకు కనబడింది. మొదటి పంక్తితోనే చదవడం ఆపేసింది. నూట అరవై ఇళ్లకు చేరింది ఇదీ:

"ఒడ్నీ యెల్లె. ఇవాళ ఆరింటికి, ఊరి హాల్లో. ధన్యవాదాలు, అన్నింటికీ"

"మోసిన బకెట్లకూ, పట్టిన ఓపికకూ. సమావేశానికి తప్పక రండి" అన్న రెండో పంక్తి ఫైల్లోనే ఉండిపోయింది. 'ధన్యవాదాలు, అన్నింటికీ' అని నార్వేలో చెక్కించేది సమాధిరాళ్ల మీద.

కొత్త పంపెందుకు దండగ అని మూడేళ్లుగా వాదిస్తున్న ఆన్‌ఫిన్ అది చదివి కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి లేచి తన పెరట్లో జెండాను సగానికి దించాడు. అది చూసి ఎదురింటివాళ్లు దించారు. వాళ్లను చూసి రేవు దాకా అందరూ దించారు. బ్యార్తె గాభరాగా బయటికి పరిగెత్తాడు.

"ఎవరు పోయారు?"

"ఒడ్నీ. ఊరంతా మెసేజ్ వచ్చింది, నువ్వు చూసుకోలేదా?" అన్నాడు ఆన్‌ఫిన్.

"అయ్యో! పొద్దున నాతో మాట్లాడిందే!"

"పోయేముందు ఎవరో ఒకరితో మాట్లాడతారు కదయ్యా."

బ్యార్తె ఒడ్నీకి ఫోన్ చేశాడు. మోగలేదు. తను పంపింది సమావేశం కబురే కదా, ఈ చావు కబురు ఇంకెవరో పంపారనుకున్నాడు. ఇంకేముంది, తనూ ఏడుస్తూ పూలకొట్టుకు బయల్దేరాడు.

ఆరింటికి హాలు కిటకిటలాడింది. నల్లబట్టల్లో ఎనభై ముగ్గురు, చావుకు తేవడం అక్కడి ఆనవాయితీ గనక తొమ్మిది క్రీమ్ కేకులు. ఆన్‌ఫిన్ లేచి నిలబడ్డాడు.

"ఆ ఏడు మా ఇంటి గొట్టం గడ్డకడితే, మంచులో బోర్లా పడుకుని వేడినీళ్లు పోసి కరిగించింది. నేనేం చేశాను? ఆ నీళ్లు గడ్డకట్టి మెట్లు జారుతున్నాయని తిట్టాను. ఒక్కసారైనా థాంక్స్ చెప్పి చావలేదు."

వెనకాల తలుపు తెరుచుకుంది. చేతులనిండా నూనె మరకలతో ఒడ్నీ.

"ఇప్పుడు చెప్పు, వింటున్నా," అంది.

ఎవరి చేతిలోనో కేకు జారిపడింది. ఆవిడ మాత్రం నిండిన కుర్చీలనే చూస్తోంది.

"ఇంతమందే! ఎవరన్నా పోయారేంటి?"

బ్యార్తె అప్పుడు ఫోన్ తీసి, తను పంపినది మొదటిసారి చదివాడు.

"రెండో పంక్తి తెగిపోయింది. నిన్ను చంపింది నేనే, ఒడ్నీ."

ఒడ్నీ అతన్ని నూనె చేతులతోనే కావలించుకుంది. "చంపితే చంపావులే! ఎనభై మందిని రప్పించావు. నీ మేలు మరిచిపోను బాబూ."

ఆన్‌ఫిన్ కళ్లు తుడుచుకున్నాడు. "థాంక్స్, ఒడ్నీ. బతికున్నందుక్కూడా. పంపుకు మొదటి చెయ్యి నాదే," అని ఎత్తాడు. వెనకే అన్ని చేతులూ లేచాయి. ఒడ్నీ సంతోషంతో ఏడ్చేసింది.

సమావేశం పుస్తకంలో ఆవిడ రాసింది: "హాజరు: నాతో కలిపి ఎనభై నాలుగు. పంపు: ఏకగ్రీవం. మరణాలు: లేవు."