కుడి పక్క డ్రైనేజీ

ఆ శనివారం పొద్దున ప్రహ్లాద్ చేయవలసిన పని ఒక్కటే. గేటు ముందున్న బండ్లు తీయించమని ఇంటి ఓనరుకు ఫోన్ చేసి చెప్పడం. పది మాటల్లో అయిపోయే పని. ఆ పది మాటల్లో ఆయన ఒక మాట ఎగ్గొట్టాడు. దాంతో చిక్కడపల్లిలో ఒక గల్లీ మొత్తం రోడ్డు మీదికొచ్చి కూర్చుంది.

ఎగ్గొట్టిన మాట ‘మసాజ్’. ఎందుకు ఎగ్గొట్టాడో తెలియాలంటే దమయంతి చెయ్యి సంగతి చెప్పాలి.

ప్రహ్లాద్ భార్య దమయంతి లెక్కల టీచరు. వాళ్ల గల్లీ దాటితే అశోక్‌నగర్, అక్కడ మొదటి బిల్డింగులో ఉన్న కోచింగ్ సెంటర్‌లో పద్దెనిమిదేళ్లుగా సర్కారు ఉద్యోగాలకు చదివే పిల్లలకు పాఠం చెబుతోంది. నాలుగు నెలల కింద ఆమెకు రొమ్ములో గడ్డ తీశారు. దానితోపాటు చంకలో ఉన్న చిన్న చిన్న గ్రంథులూ తీశారు. జబ్బు పోయిందని డాక్టర్లు చెప్పారు. కానీ ఒంట్లో ఊరే నీరు పోయే దారి మూసుకుపోయి కుడి చెయ్యి ఉబ్బింది. భుజం దాటి పైకి లేవనంది. సుద్దముక్క పట్టే చెయ్యి అదే.

సోమవారం కొత్త బ్యాచ్ మొదలవుతుంది. సెంటర్ నడిపే జగదీశ్వర్ చెడ్డవాడు కాదు. బోర్డు నిండా రాయగలిగితే బ్యాచ్ ఆమెదేనన్నాడు. లేకపోతే ఈసారికి వేరేవాళ్లకు ఇస్తానని, మేడం రెస్ట్ తీసుకోవచ్చని అన్నాడు. దమయంతి గడ్డ అన్న మాటకు కూడా అంత భయపడలేదు. రెస్ట్ అన్న మాట విన్న రోజు అన్నం తినలేదు.

అందుకే నారాయణగూడ నుంచి ఫిజియోథెరపిస్టు స్వరూప మూడు వారాలుగా, వారానికి రెండుసార్లు ఇంటికి వస్తోంది. ఆమె చేసేది లింఫాటిక్ డ్రైనేజీ మసాజ్. ముందు మెడ దగ్గర, తర్వాత ఎడమ చంక దగ్గర, చివరికి ఉబ్బిన చేతి మీద, చర్మాన్ని తాకీ తాకనట్టు నిమురుతుంది. ఆ తర్వాత వేళ్ల నుంచి భుజం దాకా కట్టు కట్టి, గోడ మీద వేళ్లతో పైకి పాకించమంటుంది. ఎంతవరకు పాకిందో వంటింటి గోడ మీద ప్రహ్లాద్ పెన్సిల్‌తో గీత గీస్తాడు. వారం నుంచి ఆ గీత క్యాలెండర్ కిందనే ఆగిపోయింది.

ప్రహ్లాద్‌కు ఈ వైద్యం మీద నమ్మకం లేదు. కోఠిలో పుస్తకాల షాపు ఉన్నవాడు, పుస్తకం మీద దుమ్ము కూడా ఇంతకంటే గట్టిగానే తుడుస్తాడు. గింత మెల్లగ ముట్టుకుంటే నీళ్లెట్ల కదులుతయని స్వరూపను రెండుసార్లు అడిగాడు. ముందు దారి తెరిచి తర్వాత నీళ్లు పంపాలని ఆమె చెప్పింది. ఆయన తలూపాడు గానీ తలకెక్కలేదు.

ఇంకో ఇబ్బంది ఉంది. పైన రెండంతస్తులూ కుర్రాళ్ల హాస్టల్. ముప్పై రెండు మంది. మసాజ్ చేసే ఆమె ఇంటికి వస్తుందని వాళ్ల చెవిన పడితే ఏమనుకుంటారోనని ప్రహ్లాద్‌కు మూడు వారాలుగా చెమటలు. కాబట్టి ఆ మాట కత్తిరించి, మిగిలినదానితో పని నడుపుతున్నాడు.

"పదింటికి డ్రైనేజీ చేసే ఆమె వస్తున్నది. గేటు ముంగట బండ్లు జర తీపియ్యండి," అన్నాడు ఫోన్లో.

"డ్రైనేజీకి ఆడమనిషా?" అంది ఓనరు కమలాకుమారి.

"ఈ పనికి వాళ్లయితెనే మంచిదండి. చెయ్యి మెత్తగుంటది."

ఎక్కడ ఆగిందని కమలాకుమారి అడిగింది.

"కుడి పక్క. నీళ్లు పోతలెవ్వు. రెండు ఇంచులు ఉబ్బింది. మీకు తెల్వనిది ఏమున్నది."

ఆయన అన్నది ఆపరేషన్ తర్వాత ఉబ్బిన చెయ్యి గురించి. ఆమెకు వినబడింది వేరు. ఎనిమిదేళ్ల కింద పైన రెండంతస్తులు లేపినప్పుడు, ముప్పై రెండు మంది బాత్రూం నీళ్లన్నీ కుడి పక్కన ఉన్న పాత నాలుగు ఇంచుల పైపులోకి కలిపేసింది. ఆ సంగతి ఆమెకూ, పైపుకూ తప్ప ఎవరికీ తెలియదనుకుంది. ఈయనకు తెలిసిపోయింది. గోడ కూడా ఉబ్బిందన్నమాట. కమలాకుమారి వెంటనే ఫోన్ పెట్టేసింది.

ఐదు నిమిషాల్లో హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఆమె మెసేజ్ పడింది. కుడి పక్క డ్రైనేజీ జామ్, గోడ రెండు ఇంచులు ఉబ్బింది, ఎవరూ నీళ్లు వాడొద్దు. ప్రహ్లాద్ ఆ గ్రూపులో లేడు.

ఒంటికి సబ్బు రాసుకున్నవాళ్లు సబ్బుతోనే ఆగిపోయారు. ఉబ్బిన గోడ రెండో అంతస్తుకు చేరేసరికి ఒరిగిన బిల్డింగ్ అయింది. అక్కడ ఉదయ్ కుమార్ అనే కుర్రాడు మూడోసారి గ్రూప్స్ పరీక్షలకు తయారవుతూ, వారం నుంచి విపత్తు నిర్వహణ పాఠం చదువుతున్నాడు. ఆ పాఠం బతుకులో పనికొస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు. వెంటనే మెట్ల దగ్గర నిలబడి అందరినీ వరసగా దింపాడు. ముందు పుస్తకాలు, తర్వాత మనుషులు, చివరికి రైస్ కుక్కరు. పావుగంటలో హాస్టల్ మొత్తం పరుపులతో సహా గల్లీలో ఉంది.

పదింటికి స్వరూప స్కూటీ మీద వచ్చింది. కుర్రాళ్లు లేచి దారి ఇచ్చారు. డ్రైనేజీ మేడం వచ్చిన్రని ఒకరికొకరు చెప్పుకున్నారు. తెల్ల కోటు చూసి ఒకడు జాలిపడి, రబ్బరు బూట్లు తెచ్చిపెట్టమంటారా అని అడిగాడు. ప్రహ్లాద్ గారు ఇన్నాళ్లకు సిగ్గు విడిచి అందరికీ చెప్పారనుకుని స్వరూప సంతోషపడింది. వద్దు తమ్ముడూ అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆమె వెనకే వెదురుబద్దల చుట్ట భుజాన వేసుకుని పెద్దులు వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల మురుగు మోరీలు తీసేది అతనే. ఆడమనిషి వల్ల కాకపోతే ఉంటాడని కమలాకుమారి పిలిపించింది. ఆ వెనక ఆటోలోంచి కమలాకుమారే దిగింది. నేరుగా ప్రహ్లాద్ ముందుకొచ్చి, ఉబ్బిన చోటు చూపించమంది.

ప్రహ్లాద్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇప్పుడు కాదండి. లోపల పని నడుస్తున్నది."

"నా ఇల్లు నేను చూడొద్దా?"

"ఇల్లు మీదేనండి. ఉబ్బింది మాది."

అద్దెకున్నవాడు గోడను తనదనడం కమలాకుమారి అంతవరకు వినలేదు. పెద్దులును మోరీ మూత తీయమంది. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి స్వరూప గొంతు వినబడింది. "గట్టిగ ఊపిరి తీస్కోండి. ఆపండి. ఇప్పుడు మెల్లగ వదలండి."

కిటికీ కింద ఉదయ్ కుమార్ ఉన్నాడు. మోరీ మూత తీసి ఉంది, లోపల మేడం ఊపిరి ఆపమంటోంది. విషవాయువు అని తేల్చేశాడు. గల్లీకంతా అదే చెప్పాడు. లోపల దమయంతి ఊపిరి తీసుకుంటే బయట ముప్పై రెండు మంది తీసుకున్నారు, ఆమె ఆపితే వాళ్లూ ఆపారు. ఎదురింట్లో పొయ్యి ఆర్పారు. మిర్చి బజ్జీల బండి మీద పొయ్యీ ఆర్పారు. కబురు కోచింగ్ సెంటర్‌కు పోయింది. జగదీశ్వర్ పొడుగు బెల్లు కొట్టించి, రెండు వందల మందిని బయటికి తెచ్చాడు. చేతిలో సుద్దముక్క కింద పెట్టడం కూడా మరిచిపోయాడు.

అందరూ ప్రహ్లాద్ మీద పడ్డారు. లోపల ఏం పని అని ఒకరు, ఏం ఉబ్బిందని ఇంకొకరు. ఆయన డ్రైనేజీ అంటాడు, ఆగుతాడు, గుటక మింగుతాడు, మళ్లీ డ్రైనేజీ అంటాడు.

తలుపు తెరుచుకుంది. చేతికి కొత్త కట్టుతో దమయంతి బయటికొచ్చి, గల్లీని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. మూడు వారాలుగా ఆయన మింగుతున్న మాట ఏదో ఆమెకు తెలుసు. సంగతి మొత్తం అర్థమైంది. కోపమొచ్చింది, అంతకంటే ఎక్కువ నవ్వొచ్చింది. జగదీశ్వర్ చేతిలోంచి సుద్దముక్క లాక్కుంది.

"అందరు బోర్డు దిక్కు చూడండి," అంది.

పద్దెనిమిదేళ్లు పాఠం చెప్పిన గొంతు అది. రెండు వందల మంది రోడ్డు మీద కూర్చున్నారు. కొందరు నోటుపుస్తకాలు తెరిచారు. ఆమె కాంపౌండ్ గోడ వైపు తిరిగింది. పై మూల నుంచి మొదలుపెట్టకపోతే ఆమెకు లెక్క సాగదు. ఎప్పటిలాగే అక్కడ నుంచే పెద్ద అక్షరాలతో రాసింది. లింఫాటిక్ డ్రైనేజీ మసాజ్. ఆ చివరి మాట చూసి ప్రహ్లాద్ కళ్లు మూసుకున్నాడు.

"ఇది నా చెయ్యి. ఇది చంక," అంటూ దమయంతి ఆ మాట పక్కనే బొమ్మ గీసింది. "గడ్డతోటి ఇక్కడి గ్రంథులు తీసిన్రు. అందుకే నీళ్లు ఆగినయి. మెడ దగ్గర, ఎడమ దిక్కు ముందు దారి తెరిస్తే, ఇవి అటు మళ్లుతయి. ఇందుల సిగ్గుపడేది ఏం లేదు. మీ ఇండ్లల్ల అమ్మకో అక్కకో ఇట్లయితే ఇసొంటి మసాజ్ చేసే అక్క దగ్గరికి తోలుకపోండి."

పెద్దులు వెదురుబద్ద ఆనించి శ్రద్ధగా విన్నాడు. "గంతే గదమ్మా," అన్నాడు. "ముంగటి మోరి తియ్యకుండ ఎనకాల పొడిస్తే పైపు పల్గుతది. మెల్లగ పోవాలె."

ప్రహ్లాద్ కళ్లు తెరిచాడు. స్వరూప మూడు వారాలు చెప్పినా ఎక్కనిది అప్పుడెక్కింది.

జగదీశ్వర్ మాత్రం పాఠం వినలేదు. రాసిన మాట కూడా చదవలేదు. ఆ మాట ఎంత ఎత్తున ఉందో చూస్తున్నాడు. "మేడం, మీ చెయ్యి," అన్నాడు మెల్లగా.

దమయంతి తలెత్తింది. కుడి చెయ్యి తల మీదుగా, గోడ అంచు దగ్గర, ఇంకా సుద్ద పట్టుకునే ఉంది. ప్రహ్లాద్‌కు కన్నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"దించకు. జర సేపు గట్లనే ఉంచు," అన్నాడు. జేబులోంచి పెన్సిల్ తీసి, ఆమె వేళ్ల పైన గోడ మీద గీత గీశాడు.

"సోమవారం ఏడున్నరకు బ్యాచ్, మేడం," అన్నాడు జగదీశ్వర్.

ఆ తర్వాత పెద్దులు కుడి పక్క మోరీలోకి బద్ద దింపాడు. గంటసేపు మెల్లగా ఆడిస్తే, గుప్పెళ్లకొద్దీ షాంపూ ప్యాకెట్లు, ఒక లుంగీ, నిరుటి హాల్ టికెట్ ఒకటి బయటికొచ్చాయి. నిజంగానే మూసుకుపోయి ఉంది. ఇంకో రెండు రోజులు ఆగితే మురుగంతా దమయంతి వంటింట్లోకే వచ్చేదన్నాడు. ఎవరూ అడగకముందే, పెద్ద పైపు వేయిస్తానని కమలాకుమారి మాటిచ్చింది.

సాయంత్రం గ్రూపులో ఆమె మెసేజ్ పెట్టింది. ఈసారి ప్రహ్లాద్‌ను కూడా గ్రూపులో చేర్చింది. "కుడి పక్క డ్రైనేజీ బాగైంది. ఉబ్బు తగ్గింది. ఎవరూ భయపడొద్దు."

దమయంతి చెయ్యి ఎలా ఉందని అడిగిన చుట్టాలందరికీ ప్రహ్లాద్ ఆ మెసేజ్‌నే, ఒక్క అక్షరం మార్చకుండా, ఫార్వర్డ్ చేశాడు.