గుండ్రపాదం

మూడు రోజుల శిక్షణతో మూడు వందల మంది వాలంటీర్లు అడవినీ వన్యప్రాణుల్నీ కాపాడేస్తారని మంత్రిగారు ప్రకటించారు. నాలుగో రోజు నుంచి జంతువులు నిశ్చింతగా నిద్రపోవచ్చని హామీ కూడా ఇచ్చారు.

ఈ వార్తకి అందరికన్నా ఎక్కువ సంబరపడినవాడు టెంపరరీ వాచర్. పందొమ్మిదేళ్లుగా అడవిని కాస్తున్నా, పాపం, అతని ఉద్యోగం మాత్రం వేళ్లూనలేదు. శిక్షణ సక్సెస్ అయితే పర్మినెంట్ చేస్తానని అటవీ అధికారి మాటిచ్చాడు.

"నీటిమూటలు చాలా చూశాం. ముద్ర వేసిన కాగితం తీసుకురండి," అంది భార్య.

రెండు రోజులు హాల్లో పాఠాలు దివ్యంగా జరిగాయి. మూడో రోజు ప్రాక్టికల్. మంత్రిగారి ఎదుట చిరుత పాదముద్రలు గుర్తుపట్టి లెక్కకట్టాలి.

"వాగు దగ్గర ఓ ఆడచిరుత తిరుగుతుంది సార్. అసలు అడుగులే చూపిస్తాను," అన్నాడు వాచర్.

"మంత్రిగారు అంత దూరం నడవరు. అడుగులు హాలు వెనకే పడాలి," అన్నాడు అధికారి.

"అక్కడికి చిరుత రాదు సార్."

"చిరుత దేనికయ్యా? పాదముద్ర అంటే ముద్రేగా."

ముద్ర అనగానే ఆ ఆఫీసుకి రబ్బరు స్టాంపుల దుకాణం తప్ప ఇంకోటి తోచదు. అరచేయంత చిరుత పాదం తయారైంది. పనిలో పనిగా అధికారి తన హోదాకి తగ్గట్టు ఆఫీసు గుండ్రసీలు కూడా అంతే సైజులో చేయించుకున్నాడు. రెండూ ఒకే రకం పిడితో, ఒకే సంచిలో వచ్చాయి.

ఆ ఉదయం అధికారి స్వయంగా బురదలో రెండు వందల ముద్రలు టకటకా కొట్టాడు. తర్వాత ఆఫీసులో కూర్చుని, సంచిలో మిగిలిన రెండోదాంతో వాచర్ పర్మినెంట్ ఆర్డర్ మీద కూడా ఒకటి కొట్టి కవర్లో పెట్టాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ముద్ర వేసేటప్పుడు ఆయన కిందికి చూసిన పాపాన పోలేదు.

పదిన్నరకి వాలంటీర్లు బురద చుట్టూ గొంతుక్కూర్చున్నారు.

"వేళ్లు లేవండీ," అంది ఒక టీచరమ్మ. "గుండ్రంగా ఉంది. చుట్టూ అక్షరాలున్నాయి."

అధికారి మొహం పాలిపోయింది. మంత్రిగారి మొహం మాత్రం వెలిగిపోయింది.

"చదువుకున్న జంతువన్నమాట. మన అక్షరాస్యత పథకం అడవి దాకా వెళ్లింది."

అక్కడికక్కడే దానికి గుండ్రపాదం అని నామకరణం జరిగింది. వాలంటీర్లు శ్రద్ధగా లెక్క రాశారు. గుండ్రపాదాలు రెండు వందలు, చిరుతలు సున్న.

వాచర్ ఉండబట్టలేకపోయాడు. "వాగు దగ్గర ఒక చిరుత ఉందండీ. నేను రోజూ చూస్తాను."

"నువ్వు శిక్షణ తీసుకున్నావా?" అన్నారు మంత్రిగారు.

"లేదండీ."

"మరి?"

వాచర్ అధికారి ఇచ్చిన కవరు పుచ్చుకున్నాడు. ఇంటికెళ్లి విప్పితే ఆర్డర్ కింద నాలుగు వేళ్ల చిరుత పాదం. అతనికి ఏడుపొక్కటే తక్కువ. భార్య మాత్రం, ఎలాగూ ముద్ర ముద్రే కదా, ఇచ్చి చూడమంది.

మర్నాడు ఖజానా గుమాస్తా కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది చిరుతది కదూ?"

"అవునండీ, పొరపాటున..."

"పొరపాటేం లేదు, స్పష్టంగానే పడింది. కానీ చెల్లదు. అడవిలో చిరుతలు లేవని నిన్ననే రిపోర్టొచ్చింది." కాగితం వెనక్కి తోశాడు. "గుండ్రపాదం చేత వేయించుకురా. అవి రెండు వందలున్నాయట."