పచ్చగీత నిండేదాకా

సఫియా చేటలో వేరుశనక్కాయలు ఒలుస్తూ ముందుగది వైపు చెవి పెట్టింది. మధ్యాహ్నం తాను చేసిన పని ఫలించిందో లేదో ఇప్పుడు తేలాలి.

"సరిపోయె. మల్లా పచ్చగీత వచ్చె," అన్నాడు తన్వీర్.

ఫలించింది.

పెనుకొండలో తన్వీర్‌ది ఫొటో స్టూడియో. పెళ్ళి ఆల్బమ్‌లు బాగా వస్తాయని చెప్పి, బెంగుళూరు నుంచి గ్రాఫిక్స్ కార్డు తెచ్చి ఇంట్లో కంప్యూటర్‌కు పెట్టాడు. ఇంతవరకూ దాని మీద ఒక్క పెళ్ళికూతురూ కనిపించలేదు, అన్నీ ఆటలోని పందెపు కార్లే. సాయంత్రం స్టూడియో మూయడం, వచ్చి కారెక్కడం. పెళ్ళయిన రెండేళ్ళలో సఫియాకు భర్త ముఖం కంటే వీపే బాగా పరిచయం. సంతలో వెనక నుంచి చూస్తే ఇట్టే గుర్తుపడుతుంది. ఎదురొస్తే కాస్త ఆలోచించాలి.

నిన్న అతను హిందూపురంలో కంప్యూటర్ల అంగడి నడిపే లక్ష్మన్న దగ్గర సీడీలో కొత్త డ్రైవర్, అంటే కార్డును నడిపించే ప్రోగ్రామ్, తెచ్చుకున్నాడు. అది ఎక్కించి, ఒక ఫోల్డర్ చెరిపేసి ఆట తెరిస్తే, తెర మీద ఒక పచ్చగీత చీమ నడకలా నిండసాగింది.

"ఏమైంది?" అంది సఫియా.

"షేడర్లు తయారవుతాండాయి. రోడ్డు మెరుపు, కారు నీడ ఎట్ల గీయల్లో నేర్చుకోని, ఆ ఫోల్డర్లో దాచిపెట్టుకుంటాది. డ్రైవర్ మారితే పాత చదువు పనికిరాదు. చెరిపేసి మొదట్నుంచి నేర్పల్ల."

"ఎంతసేపు?"

"అర్ధగంట."

ఆ అరగంట ఏం చేయాలో తోచక తన్వీర్ వచ్చి చేట పక్కన కూర్చున్నాడు. కాయలు ఒలిచాడు. ఒలిచినవాటిలో సగం తిన్నాడు. ధర్మవరంలో చదివేటప్పుడు రైలు చూడడానికి బడి ఎగ్గొట్టిన సంగతి ఎత్తుకున్నాడు. నవ్వితే అతని ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందని సఫియాకు అప్పుడే తెలిసింది. కథలో రైలు రాకముందే గీత నిండింది. చేతిలోని మూడు కాయలు ఆమె చేతిలో పెట్టి లేచిపోయాడు.

ఆ రైలు వచ్చిందో లేదో అన్న బెంగ ఆమెకు ఈరోజు మధ్యాహ్నానికీ తీరలేదు. బెంగ రైలు మీద కాదని కూడా ఆమెకు తెలుసు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని, ఆ ఫోల్డర్ పట్టుకుని చెరిపేసింది.

సాయంత్రం రైలు వచ్చింది.

ఇక రోజూ గీతే. లక్ష్మన్న ఫోన్లో ఇంకా కొత్త డ్రైవర్ వేయమన్నాడు. తర్వాత పాతది వేయమన్నాడు. తర్వాత ఆటకే అప్‌డేట్ ఎక్కించమన్నాడు. గీత నలభై నిమిషాలకు పెరిగింది. లక్ష్మన్న పిల్లాపాపలు చల్లగా ఉండాలని సఫియా దువా చేసింది.

ఇంట్లో శనక్కాయల చట్నీ, శనక్కాయల పొడి, శనక్కాయల ఉండలు. "రొద్దం మండలమంతా కలిపి ఇన్ని కాయలు పండలేదే. మనింటికి యాడ్నుంచి వస్తాండాయి?" అంది అత్త బుడన్‌బీ.

చివరికి విసిగిపోయిన లక్ష్మన్న, పిలవకుండానే బస్సెక్కి వచ్చాడు. కంప్యూటర్ అంతా వెదికి బుర్ర గోక్కున్నాడు.

"ఎవరో ఒకరు చెరిపితే తప్ప అది పోదు గదప్పా."

"మా ఇంట్లో ఎవరికొస్తాదిలే ఆ పని," అన్నాడు తన్వీర్.

సఫియా వంటింట్లో కాచిన టీనే మళ్ళీ కాచింది.

ఆ భయంతో మరునాడు కంప్యూటర్ జోలికి పోలేదు. సాయంత్రం చేట ముందు పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఈరోజు కథ లేదు. వీపే.

"సరిపోయె. మల్లా పచ్చగీత," అంటూ తన్వీర్ వచ్చి కూర్చున్నాడు.

"ఈ పొద్దు నేను చెరపలేదే," అనేసి నాలుక కరుచుకుంది సఫియా.

తన్వీర్ తలెత్తకుండా కాయ ఒలిచాడు. "నేను చెరిపినా."

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"రెండో దినమే. మౌసు మీద శనక్కాయ పొట్టు ఉండె."

"మరి ఆ డ్రైవర్లన్నీ ఎందుకు మార్పిస్తివి?"

"అర్ధగంట చాల్లేదు."

సఫియా ఒక కాయ ఒలిచి అతని చేతిలో పెట్టింది. "ఊరికే వచ్చి కూర్చోవచ్చు గదా?"

"ఊరికే అంటే... అమ్మ ఉండాది. ఏం చెప్పి కూర్చునేది?"

ముందుగదిలో కార్లు గర్జించాయి. గీత నిండింది. చేట కూడా ఖాళీ అయింది. సఫియా పొట్టు ఎత్తుతున్నట్టు ముఖం తిప్పుకుంది.

తన్వీర్ లేచాడు. కంప్యూటర్ వైపు పోలేదు. మేకుకు తగిలించిన సంచి తీసుకుని, చెప్పులేసుకుని, శనక్కాయల అంగడి వైపు వెళ్ళిపోయాడు.