మిద్దె మీద కౌబాయ్

మల్లేశ్వర్‌కు లోకంలో రెండే భయాలు. ఒకటి కోతులు, రెండు భార్య మల్లిక. ఆ ఆదివారం రెండింటి మధ్యా ఇరుక్కున్నాడు.

వికారాబాద్‌లో తల్లిని చూసి రావడానికి బయల్దేరుతూ మల్లిక మిద్దె మీద కందులు ఆరబోసింది. ఏడాది పప్పంతా అవే.

"కర్ర వట్టుకొని గాడనే కూసో. ఒక్క కోతి దిగినా నీకు పప్పు బంద్."

"ఫికర్ చెయ్యకు. ఆడికెల్లి మెసల."

"నువ్వు మెసలనంటేనే నాకు భయమైతది."

ఆమె ఎక్కిన బస్సు తాండూరు దాటిందో లేదో అతని పథకం మొదలైంది. ఇటలీ వాళ్ళు తీసిన పాత కౌబాయ్ సినిమా ఒకటి అతనికి ప్రాణం. దాన్ని ఫోన్‌లో చూడటం పాపమని అతని నమ్మకం. అందులో ఒక్కొక్కడి కళ్ళే టీవీ నిండా ఉంటాయి. ఎంతసేపైనా ఎవడూ మాట్లాడడు. పెళ్ళయినవాడికి అంత నిశ్శబ్దం ఇంకెక్కడ దొరుకుతుంది?

పాత ప్యాంటు, చొక్కాలో గడ్డి కూరి మిద్దె మీద కుర్చీలో కూర్చోబెట్టాడు. గొంగడి కప్పి, టోపీ కిందికి దించాడు. కింద తలుపులు వేసుకుని, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, సినిమా పెట్టాడు.

తుపాకీ పేలినప్పుడల్లా పైన కోతి దూకిందేమోనని కప్పు వైపు చూశాడు. వెళ్ళి చూద్దామంటే నిజంగానే ఉంటే ఎలా? సౌండ్ పెంచాడు.

తను ఫోన్ ఎత్తకపోయేసరికి మల్లిక ఎదురింటి జులేఖాకు ఫోన్ చేసిందని అతనికి తర్వాత తెలిసింది.

"మా ఆయన మిద్దె మీద ఉన్నడా అక్కా?"

"ఉన్నడు. గానీ కోతి భుజమ్మీద కూసొని పేన్లు చూస్తున్నది. పిలిస్తే ఉలుకుతలేడు, పలుకుతలేడు. నాకు జర పరేషాన్‌గ ఉన్నది."

గంటలో మల్లిక కారు మాట్లాడుకుని వచ్చేసి, బయటి మెట్ల మీదుగా నేరుగా మిద్దెక్కింది. తెర మీద అందరూ తుపాకుల మీద చేతులు పెట్టుకుని చూసుకుంటుండగా, మిద్దె మీంచి ఏడుపు వినిపించింది.

"నన్నిడిచి పోయినవా?"

మల్లేశ్వర్ ఒక్క పరుగున పైకెక్కాడు. మల్లిక బొమ్మను పట్టుకుని ఉంది. చొక్కా చేతిలోంచి గడ్డి రాలుతోంది. పిట్టగోడ మీద కోతి బుగ్గల నిండా కందులు. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు ముందు కదిలినా చావు తనకేనని మల్లేశ్వర్‌కు తెలుసు. చేతిలో రిమోట్ తప్ప ఏమీ లేదు.

"బతికే ఉన్నవా?"

"ఇప్పటిదాకైతే ఉన్న."

"కారుల తొవ్వ పొడుగూత ఏడ్చిన నేను." ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అది చూసి అతనికి నిజంగానే సిగ్గేసింది. ఆమె రిమోట్ లాక్కుంది. టోపీ అతని నెత్తిన పెట్టింది.

పావుగంట తర్వాత కింద మల్లిక, జులేఖా ఆ సినిమానే మొదటి నుంచి చూస్తున్నారు. మిద్దె మీద గొంగడి కప్పుకుని మల్లేశ్వర్ కూర్చున్నాడు. కోతి తిరిగొచ్చి, అలవాటైన భుజమెక్కి, ఆపిన చోటి నుంచి పేన్లు చూడటం మొదలుపెట్టింది.

"ఏమయ్యా, ఉన్నవా?" కింది నుంచి మల్లిక అడిగింది.

"ఉన్న" అన్నాడు, పెదవులు కదపకుండా.