సుశీల పరదేశ ప్రయాణం

ఆ గురువారం రేణుకమ్మ కోడి కూయకముందే లేచి, వాకిలి ఊడ్చి, పదహారు జొన్నరొట్టెలు చేసి మూట కట్టింది. కట్టినదాన్ని విప్పి ఇంకో నాలుగు కలిపి మళ్ళీ కట్టింది. తెల్లారితే ప్రయాణం. ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాదు దాకా బస్సు, అక్కడి నుంచి రైలు, రైలు దిగితే తుంగభద్ర, అది దాటితే కర్నూలులో తమ్ముడు సైదులు. ఆరేళ్ళ కూతురు సుశీల అప్పటికే కొత్త లంగా కట్టుకుని, "మేం రేపు రైలెక్కుతున్నం" అని గడప గడపకూ చెప్పి రావడానికి బయలుదేరింది.

ఆ రోజుల్లో కర్నూలు పోవడమంటే ఊరికి పోవడం కాదు, దేశం దాటడం. నైజాం సర్కారు మాది వేరే దేశమంది. కాదు, మాలో భాగమేనంది భారత యూనియన్ సర్కారు. నిరుడు రజాకార్ల భయానికి భార్యను వెంటబెట్టుకుని నది దాటిన సైదులు, ఈ తగవు పుణ్యమా అని కట్టిన పంచెతోనే పరదేశి అయిపోయాడు.

అతనికిప్పుడు కొడుకు పుట్టాడు. మూడు నెలలు నిండుతున్నాయి. "వచ్చే బుధవారం గాక ఆ మీది బుధవారం తొట్టెల. నీ కోసమని ఇరవై ఒకటో దినం జరుపలేదు. ఈసారి రాకుంటే నా భార్య వాళ్ళ చిన్నమ్మ ఏదో పేరు పెట్టేటట్టున్నది, అక్కా" అని మనిషి చేత కబురంపాడు. తండ్రి జానయ్య పోతూ పోతూ రేణుకమ్మ చెయ్యి పట్టుకుని ఒకే ఒక్క మాట అడిగాడు, ఇంట్లో ఒక్కడికైనా తన పేరు ఉండాలని. ఆమె ఒట్టు వేసింది. తీరా ఆమెకు పుట్టింది ఆడపిల్ల. ఇక మిగిలింది ఈ మేనల్లుడే. తొట్టెలో బిడ్డ చెవిలో పేరు చెప్పేది మేనత్త, తొట్టెకు తొలి ఊపు ఊపేది ఆ మేనత్త కూతురు, అది వాళ్ళ ఇంటి ఆచారం. అందుకని ఇద్దరూ పోయి తీరాలి. ఇంకా పన్నెండు రోజులున్నాయిగా అంటారా? పుట్టింటి మనుషుల దగ్గరికి పోయే ఆడది ముహూర్తానికి పోదు, మనసు పట్టనప్పుడు పోతుంది.

బస్సు టికెట్లు ఇచ్చే శ్రీపాల్ మాత్రం ఆ ఉత్సాహం మీద చెంబెడు నీళ్ళు పోశాడు.

"వదినా, పిల్లకు తండ్రి కాయితం ఉన్నదా?"

"పిల్లకు తల్లి ఉన్నది. కనబడుతలేనా?"

"నువ్వు కనబడుతున్నవ్. చెన్నన్న ఒప్పుకున్నట్టు పొలిమేర కాడ ఎట్ల కనబడాలె? పరాయి ముల్కుకు ఆడమనిషి ఒక్కతే పిల్లను తీస్కపోతే, పెనిమిటి ఒప్పుకున్నట్టు కాయితం కావాలె. తహసీలు ముద్ర గూడ కావాలె."

ఈ కాయిదా, అంటే ఈ నియమం, ఎక్కడ రాసి ఉందో శ్రీపాల్‌కు కూడా తెలియదు. ఎవరో ఎవరితోనో అంటుంటే విన్నాడు. ఆ భాద్రపదంలో విన్నదల్లా కాయిదాయే.

రేణుకమ్మ సుశీలను రెక్క పట్టుకుని తహసీలు కచేరి ముందుకు పరుగెత్తింది. అక్కడ అర్జీలు రాసే రాంచంద్ర చాప మీద కూర్చుని కలం చెక్కుకుంటున్నాడు. ముప్పై ఏళ్ళుగా అంగడిలో పశువుల కాగితాలు రాసి బతికిన మనిషి. పశువు ఊరు దాటాలంటే ఏం రాయాలో ఆయనకు ఉర్దూలో కంఠతా వచ్చు. పిల్ల ఊరు దాటాలంటే ఏం రాయాలో ఆయన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు. అయినా తెలియదంటే పరువేం కాను?

"దానికేమున్నది, రాస్త. రంగు?"

"ఎవలి రంగు?"

"పిల్లది."

"చామనచాయ."

"పండ్లు?"

"ముందటియి రెండు ఊడినయి."

"గుర్తులేమన్న ఉన్నయా?"

"నొసటి మీద తెల్లమచ్చ. పొయ్యి కాడ కాలింది."

"కుమ్ముతదా?"

"ఏందీ?"

"అంటే, మనుషుల మీదికి వస్తదా అని."

"జర గీరుతది. గంతే."

"తిండి?"

"మస్తు తింటది."

పిల్ల తిండి గురించి కూడా సర్కారు ఇంత ఫికర్ చేస్తుందా అని రేణుకమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. రాంచంద్ర తనకొచ్చిన నమూనాలో పేరు, రంగు, పళ్ళు, గుర్తులు మార్చి, మిగతాది మిగతాదిగానే ఉంచి, ఇసుక చల్లి ఆరబెట్టి ఇచ్చాడు. ఉర్దూ చదవడం రాని రేణుకమ్మకు ఆ వంకర గీతలు ఎంతో అందంగా కనిపించాయి.

ఇక కావలసింది భర్త చెన్నయ్య వేలిముద్ర. ఆయన పెద్దచెరువు నీళ్ళు కాసే నీరటి. వానాకాలం తూము వదిలి కదిలే వీలు లేదు, అందుకే ప్రయాణానికి ఆయన రావడం లేదు. కట్ట మీదికి వచ్చిన భార్యను చూసి బురద చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"ఏం రాసిన్రు గిండ్ల?"

"నువ్వు ఒప్పుకున్నవని."

"నేనెప్పుడు ఒప్పుకున్న?"

"గిప్పుడే."

చెన్నయ్య బొటనవేలు చాపాడు. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఒప్పుకున్నవన్నీ ఇలాగే ఒప్పుకున్నాడు. సగం సిరా, సగం బురదతో బొటనవేలు అచ్చు పడింది. మధ్యాహ్నానికల్లా ఆ కాగితం కచేరిలో అర్జీలన్నీ చూసే పేష్కారు బల్ల మీదికి చేరింది. ఆయన అద్దాలు పెట్టుకుని చదివి, సుశీల వైపు చూడనైనా చూడకుండా, "రెండు రోజులాగి రా" అన్నాడు.

ఆ రెండు రోజులూ రేణుకమ్మ కాలు నేల మీద నిలవలేదు. ఆదివారం పొద్దున వాకిట్లో చప్పుడైతే మంజూరు వచ్చిందనుకుని పరుగున బయటికి వచ్చింది. ఎదురుగా కచేరి చప్రాసి, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో పలుపుతాడు.

"సుశీల ఏడున్నది?"

"ఎందుకన్నా?"

"పట్టుకపోయి దొడ్లె కట్టెయ్యాలె. పేష్కారు సాబ్ హుకుం."

రేణుకమ్మకు ఒకటే తోచింది. తమ్ముడు యూనియన్‌లో ఉన్న సంగతి సర్కారుకు తెలిసిపోయింది, వాడు దొరక్క మేనకోడల్ని పట్టుకుపోతున్నారు! లోపల అత్త నర్సింహమ్మకు కూడా సరిగ్గా అదే తోచింది. ముసలమ్మ మనవరాలిని ఎత్తి ఖాళీ జొన్నల గుమ్మిలో దించి, పైన చేట బోర్లించింది.

"ఇంట్ల లేదు" అంది రేణుకమ్మ, గడపకు అడ్డంగా నిలబడి.

"మేతకు పోయిందా? పొద్దుగూకినంక వస్తది గద. కూసుంట."

"రాదు! మేనత్త ఊరికి పోయింది."

"ఒక్కతేనా?"

"దానికి తొవ్వ తెల్సు."

"మంచి జాతిది" అన్నాడు చప్రాసి మెచ్చుకోలుగా.

అంతలో చప్రాసి చూపు పక్కింటి బుగ్గయ్య కొట్టం మీద పడింది. అక్కడొక పెయ్యదూడ, చామనచాయ, నొసట తెల్లమచ్చ. పోయి నోరు తెరిచి చూశాడు. పై వరుసలో ముందు పళ్ళే లేవు. పశువుకు పైన ముందు పళ్ళు పుట్టుకతోనే ఉండవన్న సంగతి హైదరాబాదులో పుట్టి పెరిగిన ఆ చప్రాసికి ఎవరూ చెప్పలేదు. "మేనత్త ఊరట!" అని రేణుకమ్మను కొరకొరా చూసి, పెయ్యను విప్పి బందెలదొడ్డికి తోలుకుపోయాడు.

పెయ్యను ఎందుకు తీసుకుపోయాడో రేణుకమ్మకు అర్థం కాలేదు గానీ, పిల్లను వదిలిపోయాడు, అదే పదివేలు. గుమ్మిలోంచి తీస్తే సుశీల చేతిలో ఒక పన్ను ఉంది. కదులుతున్నదాన్ని భయంతో లాగి ఊడగొట్టుకుంది.

మర్నాడు సోమవారం పొద్దున్నే బుగ్గయ్య చెన్నయ్యను చెరువు కట్ట నుంచి ఈడ్చుకొచ్చినంత పని చేసి కచేరిలో నిలబెట్టాడు. వెనకే సుశీలను చంకనెత్తుకుని రేణుకమ్మ. పేష్కారు కాగితం తీసి మొదటిసారి తెలుగులో చదివి వినిపించాడు. "ఆడది, చామనచాయ, కుమ్మే అలవాటు లేదు, మేత మంచిగ తింటది. పొలిమేర దాటి తోలుకపోనీకి యజమాని చెన్నయ్యకు రజామందీ, అంటే సమ్మతమే." చదవడం ఆపి తల ఎత్తాడు. "ఈ నెల పశువులు ముల్కు దాటొద్దని హుకుం ఉన్నది. తెల్వదా?"

"గది నా పెయ్య, సాబ్!" అన్నాడు బుగ్గయ్య.

"కాయితం ఉన్నదా?"

"పెయ్యకు కాయితమెందుకు?"

"చెన్నయ్య పెయ్యకు ఉన్నది గద. 'సుశీలను ఎన్నటికి పొలిమేర దాటియ్య' అని చెన్నయ్య ఏలుముద్ర ఎయ్యాలె. అప్పుడు ఇడుస్త."

రేణుకమ్మకు అప్పుడు అంతా అర్థమైంది. రాంచంద్ర మీద పట్టరాని కోపం వచ్చింది. కోపాన్ని రేపటికి దాచుకుని, కూతుర్ని తీసుకెళ్ళి పేష్కారు బల్ల మీద నిలబెట్టింది.

"సాబ్, సుశీల గిది! నా బిడ్డ! నా తమ్ముని కొడుక్కు పేరు పెట్టనీకి పోవాలె."

పేష్కారు చెడ్డవాడు కాదు. అద్దాలు పెట్టుకుని కాగితాన్నీ పిల్లనూ పక్కపక్కన పెట్టి చూశాడు. రంగు కుదిరింది. మచ్చ కుదిరింది. "నోరు తెరువు" అన్నాడు. లెక్కపెట్టాడు. పెదవి విరిచాడు.

"ఈమెకు మూడు లేవు. కాయితంల రెండే రాసున్నది. ఈమె సుశీల గాదు."

"నిన్న ఊడింది, సాబ్!"

"నకలు పట్నం పోయింది. ఇప్పుడు నేను పండ్లు మార్చలేను."

బుగ్గయ్య చెన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు. "చెన్నన్నా, ఏలుముద్ర ఎయ్యే! నా పెయ్య దినమంత ఒర్రుతున్నది."

"ముద్ర ఏసినవో, నా బిడ్డ మేనమామ ముఖం చూడది!" రేణుకమ్మ సిరా దిండును బల్ల మీంచి లాక్కుని రెండు చేతులా గుండెకు హత్తుకుంది. మా బాపు పేరు, మా బాపు పేరు అని లోపల ఒకటే రొద. పదివేళ్ళూ నల్లబడ్డాయి, రవిక నల్లబడింది. బుగ్గయ్య ఆమె వైపు, చప్రాసి బుగ్గయ్య వైపు కదిలారు. చెన్నయ్య మాత్రం తన బొటనవేలిని పిడికిట్లో దాచుకుని నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే ఆకాశం గర్జించింది. విమానం! యూనియన్ ఫౌజు బయలుదేరిందని నాలుగు రోజులుగా గుసగుసలు. కచేరి కప్పు మీదుగా అది దూసుకుపోతుంటే పెంకులు టపటప లాడాయి. అందరూ ఎక్కడివాళ్ళక్కడ బల్లల కిందికి దూరారు. పేష్కారు పక్కన సుశీల వచ్చి పడింది.

"ఏడికి పోదామనుకున్నరు, బేటీ?" అన్నాడాయన.

"కర్నూలు. మామ కాడికి."

"నన్ను గూడ తీస్కపోతవా?"

"నీకు కాయితమున్నదా?" అంది సుశీల.

ఆ మధ్యాహ్నం కచేరికి పడిన తాళం మళ్ళీ తియ్యలేదు. నాలుగు రోజులు ఊరు ఊపిరి బిగబట్టింది. రేణుకమ్మ మాత్రం పొద్దూ మాపూ గడ్డిమోపు తీసుకుపోయి బందెలదొడ్డి కంప సందులోంచి బుగ్గయ్య పెయ్యకు వేసి వచ్చింది. తన పిల్ల పేరు మీద జైల్లో పడిన జీవాన్ని పస్తుంచడం ఆమెకు ఇష్టం లేకపోయింది. శుక్రవారం సాయంత్రం, ఎవరింట్లోనో రేడియో చెప్పిన మాట చెరువు గండి పడ్డట్టు ఊరంతా పారింది. నైజాం చేతులెత్తేశాడు! యుద్ధం అయిపోయింది! దొడ్డి కాపలావాడు గొళ్ళెం కూడా పెట్టకుండా పారిపోతే, పెయ్య తనంతట తనే నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. దానికి నిజంగానే తొవ్వ తెలుసు.

"ఏమయ్యో, ఇగ కర్నూలు పరాయి ముల్కు గాదా?" అని అడిగింది రేణుకమ్మ, నమ్మలేక.

"అంతా ఒక్కటేనట."

"మరి కాయితం?"

"ఎవలు అడుగుతరు? పో."

ఆ 'పో' అన్న మాటకు ఆమె ఆనందం పట్టలేక, నలుగురూ చూస్తున్నారని కూడా చూడకుండా, భర్త సిరా బొటనవేలిని పట్టుకుని కళ్ళకద్దుకుంది.

మళ్ళీ రొట్టెలు. ఈసారి ఇరవై ఆరు. ఆగిపోయిన బస్సులు మంగళవారం గానీ తిరగలేదు. రేపే తొట్టెల. రేణుకమ్మ పిల్లను ఎత్తుకుని, మూట నెత్తిన పెట్టుకుని, హైదరాబాదు నుంచి వచ్చిన బస్సు ఇంకా ఆగకముందే ఎక్కడానికి కాలు పైన పెట్టింది. పైనుంచి దిగేవాళ్ళు తొయ్యసాగారు.

"జర దిగనియ్యుండ్రి, పసిపిల్లగాడున్నడు" అన్న గొంతు విని ఆమె తల ఎత్తింది.

సైదులు! వెనక భార్య, ఆమె భుజాన గుడ్డల్లో చుట్టిన బొమ్మలాంటి పిల్లవాడు.

"నువ్వు రాలేవని నేనే తెచ్చిన, అక్కా" అన్నాడు సైదులు. "హద్దు పోయింది గద. ఆదివారం బయలెల్లినం. నడిచి సగం, రైల్ల సగం."

రేణుకమ్మ రోడ్డు మీదే కూలబడి తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చింది. మూట జారి రొట్టెలు దుమ్ములో దొర్లాయి. ప్రయాణం పోయినందుకు సుశీల ఒక్కతే అంతకంటే గట్టిగా ఏడ్చింది.

మర్నాడు రేణుకమ్మ ఇంట్లోనే దూలానికి తొట్టె కట్టారు. రేణుకమ్మ వంగి, ఇంకా సిరా మరకలు పోని చేతులు బిడ్డ చెవికి అడ్డం పెట్టి, "జానయ్య, జానయ్య, జానయ్య" అంది. సుశీల తొలి ఊపు ఊపింది. బుగ్గయ్య పెయ్యను తోలుకొచ్చి వాకిట్లో కట్టేశాడు, దానికీ సుశీల అనే పేరు ఖాయమైపోయింది కాబట్టి.

నాలుగు నెలల తర్వాత, పట్నం పోయిన నకలుకు జవాబుగా, కొత్త సర్కారు నుంచి చెన్నయ్య పేర ఒక లకోటా వచ్చింది: సుశీల నిరభ్యంతరంగా పొలిమేర దాటవచ్చు గాని, దారిలో మేత మాత్రం తండ్రే చూసుకోవాలి.