నీళ్ళు నిలిచే స్థలం

సోమవారం పొద్దున యతిరాజులు పెట్టుకున్న పని ఒక్కటే. టిఫిన్ అయ్యేలోపు ఒక ఫోన్ చేసి, పక్క స్థలంలోని ముళ్ళకంప కొట్టించే ఏర్పాటు చేయడం. చెన్నై మాధవరంలో వాళ్ళ ఇంటిని ఆనుకొని ఉన్న ఆ ఖాళీ స్థలం సర్కారుదని వీధిలో అందరికీ తెలుసు. సర్కారులో ఎవరిదన్నది మాత్రం సర్కారుకు కూడా తెలియదు. ముందురోజు అక్కడినుంచి ఒక పాము గోడ దాటి వచ్చి, ఆయన భార్య అమ్మణి బట్టలుతికే రాయి మీద తీరిగ్గా పడుకుంది. అప్పటినుంచి అమ్మణి పెరటి తలుపు తీయడం లేదు.

మొదట కార్పొరేషన్‌లో ఫోన్ ఎత్తినవాళ్ళు ఆ స్థలం రోడ్లవాళ్ళదన్నారు. రోడ్లవాళ్ళు తాలూకా ఆఫీసును అడగమన్నారు. తాలూకా ఆఫీసులో ఎత్తిన మనిషి అంతా ఓపికగా విని, ఇది వేరే ఏరియా ఆఫీసని చెప్పి పెట్టేశాడు. ఇడ్లీలు చల్లారిపోయాయి.

ఎదురింటి కిట్టు గేటు మీద చేతులాన్చి ఇదంతా వింటున్నాడు. "పాము, ముళ్ళు అంటే ఎవురొస్తారు మామా? ఎవురో స్థలాన్ని ఆక్రమిస్తా ఉండారని చెప్పండి. పరిగెత్తుకొని వస్తారు" అన్నాడు.

యతిరాజులు పాల డెయిరీ ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అబద్ధం ఆడటం ఆయనకు అలవాటు లేదు. అందుకేనేమో, మళ్ళీ ఫోన్ చేసి ఆడిన ఆ ఒక్క అబద్ధాన్నీ మరీ నమ్మకంగా ఆడాడు. పదకొండు గంటలకల్లా జీపు వచ్చి ఆగింది.

జీపులోంచి దిగిన విఘ్నేష్ అనే కుర్ర ఆఫీసరు స్థలమంతా కలియజూశాడు. ఆక్రమణ అనదగ్గది అక్కడ ఒక్కటే కనిపించింది. వీధివైపు మూలలో బాదంచెట్టు కింద రంగసామి ఇస్త్రీ బండి. ఎండ తగలకుండా చెట్టుకూ గోడకూ కట్టుకున్న నీలం టార్పాలిన్. ఆ వీధిలో చొక్కాలన్నీ ఆ బండి మీద మడతలు పడ్డవే.

యతిరాజులు గబగబా గేటు దాటి వచ్చి, "ఆయన కాదు సార్" అన్నాడు తమిళంలో.

"మరెవరు?"

భర్త తడబాటు చూసి అమ్మణి సాయానికి వచ్చింది. "పాపం, కొత్తగా వచ్చిన మనిషి కాదు సార్. మా పెద్దోడు పుట్టకముందు నుంచీ ఈడ్నే ఉండాడు" అంది.

ఆమె అన్నది రంగసామిని కాపాడాలనే. విఘ్నేష్ మాత్రం 'దీర్ఘకాల ఆక్రమణ' అని రాసుకున్నాడు.

రంగసామి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. "ఎవురు సామీ కంప్లైంట్ ఇచ్చింది?" అని అందరినీ అడిగాడు. కిట్టు ఇంట్లో ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్ళిపోయాడు. యతిరాజులు బాదంచెట్టును చూశాడు.

ఆ రోజుకు జీపు వెళ్ళిపోయింది గాని, స్థలం సంగతి అక్కడితో ఆగలేదు. ఇన్నాళ్ళూ ఎవరిదో తెలియని స్థలం, ఎవరో ఆక్రమించారనగానే అందరిదీ అయింది. సర్వేయర్లు వచ్చారు. యంత్రం వచ్చి ఒక్క పూటలో ముళ్ళకంపంతా లాగిపారేసింది. యతిరాజులు కోరుకున్నది అదే. కంప పోయాక చూస్తే స్థలం ఇంత పెద్దదా అనిపించింది. సాయంత్రం గాలి నేరుగా వరండాలోకి వచ్చింది. పిల్లలు వల కట్టి షటిల్ ఆడారు. అమ్మణి చాలా రోజుల తరువాత పెరటి తలుపు తీసింది.

వారం తిరగకముందే అక్కడ బోర్డు పాతారు. ప్రభుత్వ స్థలం, వేలం వేయబడును.

"అమ్మేదాకా ఉండమన్నారు సార్" అన్నాడు రంగసామి, యతిరాజులు చొక్కాలు ఇస్తూ. "ఆ పైన యాడికన్నా పోవాల." ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది యతిరాజులుకు. ఆ రాత్రి ఆయన భోజనం సరిగా చేయలేదు.

స్థలం చూసుకోవడానికి కార్లలో జనం రావడం మొదలైంది. యతిరాజులు వరండాలోని కుర్చీని గేటు దగ్గరికి జరుపుకున్నాడు. వచ్చిన ప్రతివాళ్ళూ ముందు ఆయననే పలకరించేవారు. "స్థలం బాగుండాది సార్" అని ఒప్పుకొని, కాసేపు ఆగి, "వానాకాలంలోనే కొంచెం కష్టం. నడుము లోతు నీళ్ళు నిలుస్తాది" అనేవాడు ఆయన. చెన్నైలో ఆ మాట విన్నవాడు మరో ప్రశ్న అడగడు. అయినా ఆగి ఆలోచించేవాళ్ళకు అమ్మణి లోపలినుంచి పాము సంగతి చెప్పేది. అది నిజమే గనక ఇంకా బాగా చెప్పేది.

వేలానికి ఒక్కరూ రాలేదు. ఆ సాయంత్రం యతిరాజులు రంగసామికి కాఫీ తనే తీసుకెళ్ళి ఇచ్చాడు.

మర్నాడు కిట్టు వచ్చాడు. మొహం మాడ్చుకొని ఉన్నాడు. తన ఇంటిని అమ్మడానికి మాటయిపోయింది, కొనేవాడు ఇప్పుడు వద్దంటున్నాడు. "ఎదర నడుము లోతు నిలిస్తే మా హాల్లో మోకాలి లోతన్నా నిలవదా అంటా ఉండాడు మామా. ఈ మాట ఎవురు పుట్టించినారు?"

"ఆక్రమణ మాట ఎవురు పుట్టించినారు?" అన్నాడు యతిరాజులు.

కిట్టు నేరుగా విఘ్నేష్ ఆఫీసుకు పోయి, తమ వీధిలో నీళ్ళు నిలవవని రాసిమ్మన్నాడు. దాంతో విఘ్నేష్ మళ్ళీ జీపులో దిగాడు. వీధిలో పాతకాపు యతిరాజులే కాబట్టి ఆయన్నే అడిగాడు. "నీళ్ళు నిలుస్తాయా, నిలవవా?"

నిలవవంటే స్థలం మళ్ళీ వేలానికి పోతుంది, రంగసామి పోతాడు. నిలుస్తాయంటే కిట్టు ఇంటి బేరం పోతుంది. కిట్టు ఒక పక్క, రంగసామి మరో పక్క నిలబడి చూస్తున్నారు. యతిరాజులు గొంతు సవరించుకున్నాడు.

"నిలుస్తాది సార్. కానీ ఆ స్థలంలో మాత్రమే. వీధిలోకి ఒక్క చుక్క రాదు."

"అంత కచ్చితంగా అక్కడే ఆగుతుందా?"

"ఆగుతాది. మంచి నేల."

విఘ్నేష్ మొహం వెలిగిపోయింది. వాననీళ్ళు ఇంకించే కుంట తవ్వడానికి పై ఆఫీసు చాలాకాలంగా చోటు వెతుకుతోందట. అమ్ముడుపోని స్థలం, నీళ్ళు తనంతట తానే ఆపుకునే స్థలం ఒక్కచోట దొరకడం అదృష్టమన్నాడు. యతిరాజులు నోరు తెరిచాడు గాని, అప్పటికే విఘ్నేష్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

ఈసారి రెండు యంత్రాలు వచ్చాయి. బాదంచెట్టు మధ్యాహ్నానికే పడిపోయింది. రంగసామి టార్పాలిన్ మడిచి, బొగ్గుల సంచీ బండిమీద పెట్టి, బస్ టెర్మినస్ అవతల ఒక టీ కొట్టు గోడ పక్కకు తోసుకుపోయాడు. బండిని మలుపుదాకా తోయడానికి యతిరాజులు చేయి వేశాడు.

కుంట చుట్టూ కంచె వేసి, బెంచీలు పెట్టి, ప్రారంభోత్సవం చేశారు. మైకులో విఘ్నేష్, నీటి గురించి ఇంత ముందుచూపున్న పౌరుడు వీధికొకరు ఉండాలన్నాడు. యతిరాజులుకు శాలువా కప్పారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కిట్టు. ఇప్పుడు అతని ఇల్లు కుంట ఎదుటి ఇల్లు. కొనేవాడు తిరిగొచ్చాడు, పాత ధరకు ఇవ్వనని కిట్టే బెట్టు చేస్తున్నాడు.

యతిరాజులు ఇంటికి పోకుండా శాలువాతోనే టెర్మినస్ వైపు నడిచాడు. రంగసామి కొత్తచోట ఎండకు అడ్డం లేదు. తలకు తువ్వాలు చుట్టుకొని, ఎవరివో స్కూలు యూనిఫారాలు రుద్దుతున్నాడు.

"రంగసామీ, ఆ పొద్దు ఫోన్ చేసింది నేనే" అన్నాడు యతిరాజులు.

"తెలుసు సార్."

"ఎట్లా?"

"ఆ పొద్దే అమ్మణమ్మ వచ్చి చెప్పింది. చెప్పి ఏడ్చింది. సారుతో అనొద్దు, తట్టుకోలేడు అనింది."

బస్సు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. రంగసామి యూనిఫారం మీద దుమ్ము దులిపాడు.

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అడగలేదే?"

"ఏమని అడిగేది? వచ్చినోళ్ళకంతా మీరు నీళ్ళు, నీళ్ళు అని చెప్తా ఉంటే ఆడ నిలబడి వింటానే ఉంటి గదా. మీరూ ఏదో ఒకటి చేస్తానే ఉంటిరి." పెట్టెలో బొగ్గులు కదిపి, మళ్ళీ అన్నాడు. "చెట్టు ఉండుంటే బాగుండు సార్. అంతే."

యతిరాజులుకు ఏం చేయాలో తోచలేదు. ఉన్నది శాలువా ఒక్కటే. దాన్ని తీసి, రెండు చేతులా రంగసామి ముందు బండిమీద పెట్టాడు.

రంగసామి దాని అంచును రెండు వేళ్ళతో నలిపి చూసి, జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చేశాడు.

"దీనికి ఇస్త్రీ కుదరదు సార్, నైలాను. పెట్టె తగిలితే కరిగిపోతాది."